పీహెచ్ 6కి తెస్తున్నా, రెండు రోజుల్లో మళ్లీ 7.4. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

తొలకరి_మొక్క | శనివారం, ఉదయం 7:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు. మట్టి లేకుండా మొక్కలు పెంచడం మొదలుపెట్టి ఇది ఏడో వారం. 40 లీటర్ల టబ్బు, అడుగున గాలి రాయి (పంపు గాలిని బుడగలుగా వదిలేది), మూతకి కన్నాలు పెట్టి పన్నెండు లెట్యూస్, నాలుగు బేసిల్ మొక్కలు. నీళ్లు బోరువి. ఎరువు ఏ, బి అని రెండు సీసాల్లో వచ్చే మామూలు హైడ్రోపోనిక్ ద్రావణమే. సీసా మీద రాసిన కొలతే వేస్తున్నాను.

మొదటి మూడు వారాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. తర్వాత కొత్తగా వచ్చే ఆకులు పసుపెక్కడం మొదలైంది. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి, మధ్యలో భాగమే వెలిసిపోయినట్టు ఉంటోంది. పాత ఆకులకి ఏమీ కాలేదు.

పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలని చదివి, అక్వేరియం వాళ్లు వాడే చుక్కల కిట్ కొన్నాను. 7.4 చూపించింది. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలుపుతూ పోయి కార్డు మీద 6.0 రంగు, అంటే పసుపు, వచ్చాక ఆపాను. మర్నాటికి 6.8. ఆ మర్నాడు 7.4. మళ్లీ కలిపాను, మళ్లీ అదే. మూడు వారాలుగా ఇదే పని. ఆకుల పసుపు తగ్గలేదు సరికదా, ఇప్పుడు వేళ్ల మీద జిడ్డు లాంటిది కూడా కనిపిస్తోంది. పొద్దున్న లేవగానే టబ్బు మూత తీయాలంటేనే టెన్షన్.

సరైన పీహెచ్ ఎంత? దాన్ని ఒకచోట నిలబెట్టేది ఎలా?

---

బక్కెట్_బాబాయ్ | శనివారం, ఉదయం 8:05

అమ్మా, మరీ అంత కంగారు అక్కర్లేదు. నాది క్రాట్కీ పద్ధతి. పంపు లేదు, గాలి రాయి లేదు. బక్కెట్ నింపి మొక్క పెట్టి మర్చిపోతాను. నా దగ్గర పీహెచ్ పెన్ను ఉంది, మూడేళ్లయింది కొని. ఎప్పుడు ముంచినా 6.0. ఇంతవరకు ఒక్క చుక్క యాసిడ్ కొనలేదు.

మొక్కకి లేని దిగులు మనకెందుకు?

---

పచ్చిమిర్చి_99 | శనివారం, ఉదయం 8:31

5.8. అంతే. లెట్యూస్‌కైనా, టమాటాకైనా, దేనికైనా. 5.8 దగ్గర పెట్టి కదలనివ్వకండి. నేను ఆటో డోజర్ పెట్టాను, 5.9 అవగానే అదే యాసిడ్ వేసుకుంటుంది. చేత్తో పోసే రోజులు పోయాయి.

---

వేరు_ముచ్చట్లు | శనివారం, ఉదయం 9:40

తొలకరి_మొక్క గారూ, మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది ఇనుము లోపం. ఇనుము ఒకసారి ఆకులో చేరాక మొక్క దాన్ని తీసి వేరే చోటికి పంపలేదు. అందుకే లోపం ఎప్పుడూ లేత ఆకులోనే ముందు బయటపడుతుంది. అదే మెగ్నీషియం అయితే పాత ఆకుల్లోంచి లాగి కొత్తవాటికి ఇచ్చేస్తుంది, కాబట్టి పసుపు కింది నుంచి మొదలవుతుంది. మీ పాత ఆకులు బాగున్నాయంటే మెగ్నీషియం సంగతి పక్కన పెట్టొచ్చు.

అలాగని ఇనుము లేదని అర్థం కాదు. మీ ఎరువులో ఉండే ఉంటుంది. పీహెచ్ పెరిగితే అది మొక్కకి అందే రూపంలో ఉండదు. ఎరువుల్లో ఇనుముని కీలేట్ అనే ఒక తొడుగులో పెట్టి ఇస్తారు. ఈడీటీఏ తొడుగు సుమారు 6.5 దాటితే వదులైపోతుంది. డీటీపీఏ 7 దాటాక కూడా కొంత నిలుస్తుంది. ఈడీడీహెచ్ఏ అయితే 9 దాకా పట్టుకుంటుంది, కాకపోతే నీళ్లు ఎర్రగా అవుతాయి. మీ సీసా మీద ఏది రాసి ఉందో చూసి చెప్పండి.

ఇంకో మూడు ప్రశ్నలు. మొదటిది, ఆ చుక్కల కిట్ ఎంత నుంచి ఎంత దాకా చూపిస్తుంది? రెండోది, టబ్బులో నీళ్లు తగ్గినప్పుడు దేనితో నింపుతున్నారు? మూడోది, బోరు నీటి ఆల్కలినిటీ ఎప్పుడైనా కొలిచారా? పీహెచ్ కాదు, ఆల్కలినిటీ.

పచ్చిమిర్చి తమ్ముడూ, 5.8 మంచి అంకే, కాదనను. కానీ కదలనివ్వకపోతేనే మొక్క బతుకుతుందనడం ఒప్పుకోను. దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం.

---

తొలకరి_మొక్క | శనివారం, ఉదయం 11:15

వేరు_ముచ్చట్లు గారూ, చాలా థాంక్స్.

సీసా మీద "ఇనుము (ఈడీటీఏ)" అని ఉంది. కిట్ కార్డు మీద 6.0 నుంచి 7.6 వరకు రంగులున్నాయి: పసుపు, ఆకుపచ్చ, నీలం. టబ్బులో నీళ్లు తగ్గితే బోరు నీళ్లే పోస్తున్నాను, రెండు రోజులకి మూడు, నాలుగు లీటర్లు పడుతుంది. ఆల్కలినిటీ అంటే పీహెచ్ ఎక్కువగా ఉండటమే కదా? ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

---

చుక్కల_లెక్క | శనివారం, మధ్యాహ్నం 2:10

రెండూ ఒకటి కాదండీ, చిక్కంతా అక్కడే ఉంది. నేను కెమిస్ట్రీ చెప్పే పంతుల్ని, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మీ కిట్ సంగతి. పసుపు, ఆకుపచ్చ, నీలం అంటున్నారంటే అందులో ఉన్నది బ్రోమోథైమాల్ బ్లూ. అది 7.6 దాటితే నీలం, 6.0 దగ్గర పసుపు. 6.0 కంటే కిందికి ఎంత వెళ్లినా అదే పసుపు! 5.5 అయినా పసుపే, 4.5 అయినా పసుపే. చేపల తొట్టికి అది చాలు, ఎందుకంటే 6 కంటే కిందికి అక్కడ పెద్దగా పని లేదు. మన పని మొదలయ్యేదే 6 దగ్గర. మీరు పసుపు రాగానే ఆపి ఉంటే ఫర్వాలేదు. పసుపు "బాగా" వచ్చాక ఆపి ఉంటే, ఎంత దాకా దింపారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. హైడ్రోపోనిక్స్ కోసం అమ్మే చుక్కల మందులో మిథైల్ రెడ్ కూడా కలుపుతారు, అది 4.4 నుంచి 6.2 మధ్య రంగు మారుస్తుంది.

పీహెచ్ అంకెలు మెట్ల లాంటివి కావు. 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త ఈ కొలత పెట్టినప్పుడే దాన్ని లాగరిథమ్ మీద కట్టాడు. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు, రెండు తగ్గితే వంద రెట్లు. 6.0కి, 5.0కి మధ్య ఉన్నది "కొంచెం తేడా" కాదు.

ఇక ఆల్కలినిటీ. పీహెచ్ అనేది ఇప్పుడు నీళ్లు ఎక్కడున్నాయో చెబుతుంది. ఆల్కలినిటీ ఆ నీళ్లు అక్కణ్ణుంచి కదలడానికి ఎంత మొండికేస్తాయో చెబుతుంది. బోరు నీళ్లలో బైకార్బనేట్ ఉంటుంది. మీరు పోసిన యాసిడ్‌ని ముందు అది తినేస్తుంది. ఆ క్రమంలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది నీళ్లలో కరిగి ఉన్నంతసేపు పీహెచ్ తక్కువ చూపిస్తుంది. మీ టబ్బులో రాత్రంతా గాలి బుడగలు వస్తున్నాయి కదా, ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. సోడా సీసా మూత తీసి పెడితే గ్యాస్ పోయినట్టే.

దానికి తోడు మీరు వాడింది సిట్రిక్ యాసిడ్. అది సేంద్రియ ఆమ్లం, నీటిలోని బ్యాక్టీరియాకి విందు భోజనం. అవి సిట్రేట్‌ని తినేసినప్పుడు మళ్లీ బైకార్బనేటే మిగులుతుంది, అంటే మీరు ఖర్చు పెట్టించిన ఆల్కలినిటీ మీ టబ్బులోకే తిరిగొస్తుంది. వేళ్ల మీద జిడ్డు కూడా ఆ బ్యాక్టీరియా పనే అయ్యుండొచ్చు. వెనిగర్‌తోనూ ఇదే తంతు.

పైగా రెండు రోజులకోసారి నాలుగు లీటర్ల కొత్త బోరు నీళ్లు. నీళ్లు ఆవిరై, మొక్క తాగి పోతాయి, బైకార్బనేట్ మాత్రం చాలావరకు టబ్బులోనే పోగుపడుతుంది.

---

కొత్తచిగురు | శనివారం, సాయంత్రం 4:48

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను కోకోపీట్‌లో పెడదామనుకుంటున్నా. దానికీ ఇదే పీహెచ్ ఆ? ఇంకో చోట రాక్‌వూల్ (రాతి నార దిమ్మలు) ముందు నానబెట్టాలని చదివాను, ఎందుకో రాయలేదు.

---

గాజుగది | శనివారం, సాయంత్రం 6:30

@కొత్తచిగురు కోకోపీట్‌కి 5.8 నుంచి 6.2 మధ్య పోసుకోండి. కోకోలో గోల పీహెచ్ కంటే ఉప్పుది. బాగా కడిగిన సరుకు కాకపోతే సోడియం, పొటాషియం ఎక్కువుంటాయి, అవి కాల్షియానికి అడ్డం పడతాయి. రాక్‌వూల్ కొత్తగా ఉన్నప్పుడు క్షార గుణంతో ఉంటుంది, అందుకే 5.5 నీళ్లలో నానబెట్టి వాడతారు. అంతకంటే బాగా కిందికి దింపితే నారే పాడవుతుంది. మట్టి గోళీలైతే దుమ్ము పోయేదాకా కడగండి, మొదట్లో అవీ పీహెచ్ పెంచుతాయి. పెర్లైట్ ఎటూ లాగదు.

@పచ్చిమిర్చి_99 డోజర్ గురించి ఒక మాట. నేనూ పెట్టాను, టమాటా తొట్లకి. ఒకరోజు ప్రోబ్ (నీళ్లలో ఉండి పీహెచ్ కొలిచే మొన) మీద నాచు పట్టి, ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం మొదలుపెట్టింది. పాపం డోజర్ తన పని తాను చేసింది. తెల్లవార్లూ యాసిడ్ పోస్తూనే ఉంది. పొద్దున్న వెళ్లి చూస్తే 3.9. తెల్లటి వేళ్లు గోధుమ రంగుకి తిరిగాయి, వారం తిరక్కుండానే సగం మొక్కలు పీకేశాను. తప్పు యంత్రానిది కాదు, నెలలపాటు ప్రోబ్ తుడవని నాది. ఇప్పటికీ డోజర్ వాడుతున్నాను, కాకపోతే ఒక రోజులో ఇంతకు మించి పోయకూడదని హద్దు పెట్టాను.

---

పచ్చిమిర్చి_99 | శనివారం, రాత్రి 9:02

ఓకే, ప్రోబ్ తుడిచి ఎన్నాళ్లయిందో చూడాలి నేను కూడా 😬

కానీ ఒకే అంకె దగ్గర నిలబెట్టడంలో తప్పేంటో ఎవరూ చెప్పలేదు ఇంకా.

---

వేరు_ముచ్చట్లు | ఆదివారం, ఉదయం 6:55

తప్పు కాదు తమ్ముడూ, అనవసరం. ఎందుకో చెప్తాను.

అన్ని పోషకాలకీ ఒకే పీహెచ్ నచ్చదు. ఇనుము, మాంగనీస్, జింక్, రాగి, బోరాన్ ఇవన్నీ పీహెచ్ తగ్గేకొద్దీ సులువుగా అందుతాయి. కాల్షియం, మెగ్నీషియం మాత్రం బాగా తక్కువ పీహెచ్‌లో వేళ్లు సరిగా తీసుకోలేవు. ఫాస్ఫరస్ 7 వైపు వెళ్లేకొద్దీ కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిగా అడుగున చేరుతుంది. అందరికీ ఓ మాదిరిగా సరిపడే చోటు 5.5 నుంచి 6.3 దాకా ఉంది. నేను 5.6 దగ్గర పెట్టి వదిలేస్తాను. నాలుగైదు రోజులకి 6.2, 6.3 అవుతుంది. అప్పుడు మళ్లీ దింపుతాను. ఆ తిరిగే దారిలో అన్నిటికీ వంతు వస్తుంది.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. పీహెచ్ ఎటు కదులుతోందో చూస్తే మొక్క ఏం తింటోందో తెలుస్తుంది. మొక్క నైట్రేట్ తీసుకున్నప్పుడు వేరు దానికి బదులుగా క్షారాన్ని వదులుతుంది, పీహెచ్ మెల్లగా పెరుగుతుంది. అమ్మోనియం తీసుకుంటే ఆమ్లాన్ని వదులుతుంది, తగ్గుతుంది. మన ఎరువుల్లో నైట్రోజన్ ఎక్కువ భాగం నైట్రేట్ రూపంలోనే ఉంటుంది, కాబట్టి ఆకుకూర హుషారుగా పెరుగుతుంటే పీహెచ్ రోజుకి కొంచెం పెరగాలి. అది మంచి కబురే. పెరగాల్సిన టబ్బులో ఉన్నట్టుండి తగ్గడం మొదలైతే నేను ముందు వేళ్లు చూస్తాను, కుళ్లు వాసన ఉందేమోనని. కాయ దశలో ఉన్న టమాటా సంగతి వేరే. అప్పుడది నైట్రేట్ కంటే పొటాషియం ఎక్కువ లాగుతుంది, ఆరోగ్యంగా ఉండి కూడా పీహెచ్ తగ్గొచ్చు.

డోజర్ పెట్టి గీత గీసినట్టు ఉంచితే ఈ కబుర్లేవీ నీకు చేరవు. యాసిడ్ డబ్బా ఎంత త్వరగా ఖాళీ అవుతోందో అయినా రాసుకో, కొంత తెలుస్తుంది.

---

చేపా_మొక్కా | ఆదివారం, ఉదయం 10:20

మా చేపల వాళ్లని కూడా లెక్కలోకి తీసుకోండి సార్ 🙂 ఆక్వాపోనిక్స్‌లో చేపల వ్యర్థాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండాలి. వాటికి 6 కిందికి వెళ్తే పని మందగిస్తుంది. మొక్కలకి 6 కావాలి, బ్యాక్టీరియాకి 7 పైన కావాలి, అందుకని 6.8 నుంచి 7.0 మధ్య రాజీ పడతాం. ఇనుము మాత్రం విడిగా, పైన చెప్పిన గట్టి కీలేట్ల రూపంలోనే వేయాలి. కాబట్టి 5.8 అందరికీ కాదు.

---

బక్కెట్_బాబాయ్ | ఆదివారం, ఉదయం 11:00

పీహెచ్ మరీ తగ్గిపోతే చిటికెడు వంట సోడా వేస్తే సరి. నేనెప్పుడూ వేయలేదనుకోండి, నాది 6.0 కదా.

---

చుక్కల_లెక్క | ఆదివారం, మధ్యాహ్నం 12:15

బాబాయ్ గారూ, వద్దండీ. ఒక్కసారికి కొంప మునగదు గానీ వంట సోడాతో వచ్చేది సోడియం. మొక్కకి దానితో పెద్దగా పని లేదు, టబ్బులో పేరుకుపోతుంది. పీహెచ్ పెంచాలంటే పొటాషియం బైకార్బనేట్‌ గానీ, పలచటి పొటాషియం హైడ్రాక్సైడ్ గానీ వాడితే ఆ పొటాషియం మొక్కకే పనికొస్తుంది. రెండోది చర్మాన్ని కాల్చే సరుకు, చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు.

---

తొలకరి_మొక్క | సోమవారం, రాత్రి 8:40

మీరంతా చెప్పినవి చేశాను. ఇవిగో ఫలితాలు, నాకే సిగ్గేసింది.

ఓ స్నేహితురాలి దగ్గర పీహెచ్ పెన్ను, 4.01, 7.00 బఫర్ పొడులు (నీళ్లలో కలిపితే కచ్చితంగా ఆ పీహెచ్ వచ్చేవి, పెన్నుని సరిచూడటానికి) తెచ్చుకున్నాను. పెన్ను సరిచేసి, ఎప్పటిలాగే నిమ్మ ఉప్పు కలిపి, కిట్‌లో పసుపు వచ్చాక ఆపాను. నేను మామూలుగా ఆపే పసుపు దగ్గరే. పెన్ను పెట్టి చూస్తే 4.7!

అంటే మూడు వారాలుగా నా మొక్కల్ని 4.7 నుంచి 7.4 దాకా ఉయ్యాల ఊపుతున్నానన్నమాట.

ఆల్కలినిటీ కోసం అక్వేరియం వాళ్ల కేహెచ్ కిట్ తెచ్చాను. బోరు నీళ్లకి 14 చుక్కలు పడ్డాయి రంగు మారడానికి. ఎక్కువా, తక్కువా?

---

చుక్కల_లెక్క | సోమవారం, రాత్రి 10:05

ఎక్కువే అండీ. ఆ కిట్‌లో సాధారణంగా ఒక చుక్క అంటే ఒక జర్మన్ డిగ్రీ, లీటరుకి 17.9 మిల్లీగ్రాములు (కాల్షియం కార్బనేట్ లెక్కన). 14 చుక్కలంటే సుమారు 250. యాభైతో భాగిస్తే లీటరుకి 5 మిల్లీఈక్వివలెంట్లు (ఎంత యాసిడ్‌ని తినేయగలదో చెప్పే కొలత).

దీన్ని 5.8కి తేవాలంటే అందులో సుమారు 78 శాతాన్ని, అంటే 3.9 మిల్లీఈక్వివలెంట్లని, యాసిడ్‌తో చంపాలి. మిగతాది ఆ పీహెచ్ దగ్గర బైకార్బనేట్‌గానే ఉండిపోతుంది. ఇక్కడ నిజమైన ఇబ్బంది చూడండి. అదంతా ఫాస్ఫారిక్ యాసిడ్‌తో చేస్తే లీటరుకి దాదాపు 115 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ చేరుతుంది. మామూలు ద్రావణంలో ఉండేది 30 నుంచి 60. అంటే పీహెచ్ సరిచేసే వంకతో ఫాస్ఫరస్‌ని మూడు నుంచి ఐదింతలు చేసేస్తాం. అది మళ్లీ ఇనుముకే అడ్డం పడుతుంది. నైట్రిక్ యాసిడ్ వాడితే లీటరుకి 55 మిల్లీగ్రాముల నైట్రోజన్ చేరుతుంది, దాన్ని ఎరువు లెక్కలో తగ్గించుకోవచ్చు. పెద్ద తోటల వాళ్లు అదే చేస్తారు. కానీ గాఢ నైట్రిక్ యాసిడ్ ఇంట్లో ఉంచుకునే వస్తువు కాదు.

మీ 40 లీటర్ల టబ్బుకి ఇంత యుద్ధం అక్కర్లేదు. నీళ్లనే మార్చండి.

---

వేరు_ముచ్చట్లు | మంగళవారం, ఉదయం 6:30

అవును. ఒక వంతు బోరు, మూడు వంతులు ఆర్ఓ నీళ్లు లేదా శుభ్రంగా పట్టిన వాన నీళ్లు. అప్పుడు కేహెచ్ మూడున్నర చుక్కలకి, అంటే 60 చిల్లరకి దిగుతుంది. పూర్తిగా ఆర్ఓ నీళ్లే పోయకండి. వాటిలో ఆనుకోడానికి ఏమీ ఉండదు, ఒక్క మిల్లీలీటరు యాసిడ్‌కే పీహెచ్ దూకుతుంది. ఆ 60 మీకు దిండు లాంటిది. టబ్బు నింపేటప్పుడే కాదు, తర్వాత తగ్గినప్పుడు పోసే నీళ్లు కూడా ఇదే మిశ్రమం అయి ఉండాలి. చాలామంది అక్కడే మర్చిపోతారు.

వరస ఇది. నీళ్లు, తర్వాత ఏ సీసా, బాగా కలిపాక బి సీసా. రెండూ చిక్కగా ఉన్నప్పుడు ఒకదాంట్లో ఒకటి పోయొద్దు, కాల్షియం, సల్ఫేట్, ఫాస్ఫేట్ కలిసి సున్నంలా గడ్డ కడతాయి. ఎరువు వేశాకే పీహెచ్ చూడండి, ఎందుకంటే ఎరువే దాన్ని కొంత దింపుతుంది. ముందే 5.8కి తెచ్చి తర్వాత ఎరువు వేసేవాళ్లు కిందికి జారిపోతారు. ఒక గంట గాలి బుడగలు తిరగనిచ్చి మళ్లీ చూడండి. చుక్కల_లెక్క గారు చెప్పిన ఆ గ్యాస్ పోయాక వచ్చేదే అసలు అంకె.

ఇంత తక్కువ ఆల్కలినిటీకి ఫాస్ఫారిక్ యాసిడ్ కొంచెమే పడుతుంది, కాబట్టి అదే వాడొచ్చు. కానీ నేరుగా టబ్బులో వంచకండి. ఒక వంతు యాసిడ్, తొమ్మిది వంతుల నీళ్లు చొప్పున పలచన చేసి పెట్టుకోండి. నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ముందు ఒక లీటరు ద్రావణం మగ్గులో తీసుకుని, సిరంజితో ఎన్ని మిల్లీలీటర్లకి 5.7 వస్తుందో చూసి, దాన్ని నలభైతో గుణించండి. అందులో ముప్పాతిక పోసి ఆగండి.

పాత నీళ్లు పారబోసి, టబ్బు కడిగి, వేళ్లని మామూలు నీళ్లతో మెత్తగా కడగండి. జిడ్డు ఊడితే తెల్లటి వేరు కనబడాలి.

---

కొత్తచిగురు | మంగళవారం, ఉదయం 9:10

పెన్ను కొందామనుకుంటున్నా. అది ఎలా ఉంచాలి? మా దగ్గర ఒకాయన శుభ్రంగా ఉంటుందని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పెడతాడు.

---

గాజుగది | మంగళవారం, మధ్యాహ్నం 1:25

ఆయన పెన్ను ఎక్కువ కాలం బతకదు. డిస్టిల్డ్ నీళ్లు ప్రోబ్ లోపలి ఉప్పుని బయటికి లాగేస్తాయి. పొటాషియం క్లోరైడ్ ద్రావణం (స్టోరేజ్ సొల్యూషన్ అని అమ్ముతారు) రెండు చుక్కలు మూతలో వేసి పెట్టండి. ఎండిపోనివ్వకండి. రెండు బఫర్లతో సరిచేయండి, ఒక్కదానితో చేస్తే ఆ ఒక్క చోటే నిజం చెబుతుంది. వాడిన బఫర్ మళ్లీ సీసాలో పోయొద్దు. గాజు ప్రోబ్ ఎంత బాగా చూసినా ఏడాది, రెండేళ్లకి మందగిస్తుంది.

ఇంకోటి, టబ్బులోకి వెలుతురు పడకుండా చూసుకోండి. నాచు పడితే పగలు కార్బన్ డయాక్సైడ్ లాగేసి పీహెచ్ పెంచుతుంది, రాత్రి తగ్గిస్తుంది. పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె వస్తుంటే పెన్నుని తిట్టే ముందు మూత కన్నాలు చూడండి.

---

పచ్చిమిర్చి_99 | మంగళవారం, రాత్రి 9:45

ప్రోబ్ తీసి చూశాను. ఏం ఉందో చెప్పను. 4.01 బఫర్‌లో 4.4 చూపించింది. ఈ రాత్రికి డోజర్ ఆపేశా.

ఒక డౌట్: బేసిల్ 4.0 దగ్గర కూడా పెరుగుతుందని ఎక్కడో చదివాను, నిజమేనా? అయితే ఈ గొడవంతా ఎందుకు?

---

చుక్కల_లెక్క | బుధవారం, ఉదయం 7:50

నిజమే. వేరుకుళ్లు తెచ్చే పిథియంని అడ్డుకోవచ్చేమోనని పరిశోధకులు బేసిల్‌ని 4.0 దగ్గర పెంచి చూశారు, పెరుగుదల పెద్దగా తగ్గలేదు. అన్ని మొక్కలూ అలా ఓర్చుకోవు, పాలకూర అంత కిందికి వెళ్తే దెబ్బ తింటుంది. పైగా వాళ్లు పోషకాల లెక్క చూసుకుంటూ, పీహెచ్‌ని అక్కడే కదలకుండా పట్టి ఉంచారు. తొలకరి_మొక్క గారి టబ్బులో పీహెచ్ రెండు రోజులకోసారి 4.7కి, 7.4కి మధ్య పరిగెత్తింది. అంటే ఆమ్లతలో ఐదు వందల రెట్ల తేడా. వేరుకి అలవాటు పడే టైమే ఇవ్వలేదు.

---

తొలకరి_మొక్క | తర్వాతి వారం, శుక్రవారం, సాయంత్రం 5:30

పది రోజుల కబురు.

మంగళవారమే టబ్బు కడిగి, 10 లీటర్ల బోరు, 30 లీటర్ల ఆర్ఓ నీళ్లు కలిపాను. ఎరువు వేశాక 6.5. మగ్గు లెక్క ప్రకారం పలచటి ఫాస్ఫారిక్ 24 మిల్లీలీటర్లు రావాలి. 18 పోసి ఆగాను, గంట తర్వాత చూసి ఇంకో 4 పోశాను. 5.7 వచ్చింది.

తర్వాతి రోజుల్లో 5.8, 5.9, 5.9, 6.1. ఐదో రోజు 6.3కి వస్తే 6 మిల్లీలీటర్లు పోశాను, మళ్లీ 5.7. ఇప్పుడు 6.0. పన్నెండు లెట్యూస్‌లో రెండు పోయాయి, వాటి వేళ్లు ముందే మెత్తబడి ఉన్నాయి. మిగతావాటికి నడిమధ్య నుంచి వస్తున్న ఆకులు నిండు ఆకుపచ్చ. అప్పటికే పసుపెక్కినవి కొంచెం తేరుకున్నాయి గానీ మునుపటి రంగు రాలేదు, అవి కోసేశాను. బేసిల్ అయితే ఏమీ జరగనట్టే ఉంది, చుక్కల_లెక్క గారు చెప్పాక ఎందుకో అర్థమైంది.

నిమ్మ ఉప్పు డబ్బా వంటింట్లోకి తిరిగి వెళ్లిపోయింది.

---

వేరు_ముచ్చట్లు | శుక్రవారం, రాత్రి 7:15

భేష్. పీహెచ్ రోజుకి 0.1, 0.2 చొప్పున పెరుగుతోందంటే అవి తింటున్నాయన్నమాట. ఎరువు బలం కూడా వారానికి రెండుసార్లు ఈసీ మీటర్‌తో చూసుకోండి. లెట్యూస్‌కి ఆ మీటర్‌లో 1 నుంచి 1.4 (మిల్లీసీమెన్స్/సెం.మీ.) మధ్య ఉంటే చాలు. మూడు వారాలకి ఒకసారి మొత్తం నీళ్లు మార్చేయండి, ఫాస్ఫరస్ పేరుకోకుండా.

---

బక్కెట్_బాబాయ్ | శుక్రవారం, రాత్రి 8:50

ఇదంతా చదివాక నాకూ దురద పుట్టి బఫర్ పొడులు తెప్పించాను.

4.01లో పెట్టాను: 6.0. 7.00లో పెట్టాను: 6.0. అనుమానం వచ్చి నిమ్మకాయ కోసి అందులో గుచ్చాను: 6.0. చివరికి గాలిలో పట్టుకున్నా 6.0.

ఆ చుక్కల మందు ఏదో, రెండు రంగులు కలిపింది, దాని పేరు ఇంకోసారి చెప్తారా ఎవరైనా?